వరండాలో విమల మేడం

మొన్న మా కళాశాల పరిశోధన పత్రిక సమావేశంలో ఒకాయన కుర్చీ వెనక్కి జరిపాడు. బండల మీద కుర్చీ కాళ్లు గీసుకున్న చప్పుడుకు నేను వరండా వైపు చూశాను. ఆయన ఫోను మాట్లాడటానికి లేచాడంతే. నాకు మాత్రం విమల మేడం లేచినట్టే అనిపించింది. ఆమె చనిపోయి చాలా కాలమైంది కానీ, ఆ చప్పుడంటే నాకు ఇప్పటికీ ఆమే.

కరీంనగర్‌లో ఆ పత్రికకు ఆమె సంపాదకురాలు. కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను ఆమెకు సహాయకురాలిని. వచ్చిన వ్యాసాల మీద రచయిత పేరు తీసేసి వేరే ఊళ్లలోని ఆచార్యులకు పంపేవాళ్లం. వాళ్లు చెప్పిన అభిప్రాయాలు ముందు పెట్టుకుని, అచ్చు వేయాలో వద్దో మా కమిటీ తేల్చేది. వ్యాసం తన విద్యార్థిదో చుట్టాలదో అయితే మేడం ముందే ఆ సంగతి చెప్పి, కుర్చీ జరిపి, వరండాలోకి వెళ్లి నిలబడేది. మా దిక్కు ఇద్దరు మనుషులు కూర్చుని కాసేపు మాట్లాడుకుంటే చాలు, ఏదో ఒక బంధుత్వం బయటపడుతుంది. అందుకని మేడంకు సగం సమావేశాలు వరండాలోనే గడిచేవి. "లోపల్నే కూసొని ఊకె ఉండొచ్చు గద మేడం" అని ఒకసారి నవ్వుతూ అన్నాను. "నేను ఊకున్నా, నా మొకం జూసి మీరు మాట్లాడరు" అంది. అప్పట్లో అది నాకు వట్టి చాదస్తంగా తోచింది.

అక్కడితో ఆగినా బాగుండేది. వ్యాసాలు పంపేవాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు పోవడం కూడా మానేసింది. "వాళ్లింట్ల బువ్వ దిని, వాళ్ల వ్యాసం వద్దని ఎట్లంట?" అనేది. పిలిచి పిలిచి జనం పిలవడం మానుకున్నారు. పెళ్లి చేసుకోని ఆమెకు మిగిలిన తోడల్లా సుగుణ ఒక్కతే.

సుగుణది నిర్మల్. ఆదిలాబాద్‌లో కాంట్రాక్టు లెక్చరర్. చదువుకునే రోజుల్లో ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారట. కరీంనగర్ వచ్చినప్పుడల్లా జొన్న రొట్టెలు కట్టుకొని నేరుగా మేడం ఇంటికే వచ్చేది. ఆ రోజు మేడం నవ్వు వీధిలోకి వినిపించేది. ఒక ఏడు సుగుణకు పర్మినెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. అచ్చయిన వ్యాసం ఒకటి చూపించాలన్నారు. నిర్మల్ బొమ్మలు చేసే ఆడవాళ్ల మీద రాసి మా పత్రికకు పంపింది. పేరు తీసేశాం నిజమే. కానీ "నిర్మల్‌లో మా అవ్వ బొమ్మలకు రంగులు వేస్తుంటే" అని మొదలయ్యే వ్యాసం ఎవరిదో తెలియనట్టు ఉండాలంటే మా కమిటీవాళ్లకు నాటకాలాడే విద్య తెలిసి ఉండాలి.

మేడం దాన్ని తెరవకుండానే కమిటీలో మరొకరికి అప్పజెప్పింది. చూసిన ఆచార్యుల్లో ఒకరు వేయమన్నారు, మరొకరు చాలావరకు తిరగరాయాలన్నారు. తిరగరాస్తూ కూర్చుంటే ఇంటర్వ్యూ దాటిపోతుంది. "మేడం ఒక్క మాటంటే ఏసేద్దాం, అడిగిరా పో" అని కమిటీలో పెద్దాయన నన్ను బయటికి పంపాడు. ఆగలేక ఆదిలాబాద్ నుంచి వచ్చిన సుగుణ అప్పటికే వరండాలో మేడం పక్కన నిలబడి ఉంది. నేను పెద్దాయన మాట చెప్పాను.

"ఒక్క మాటనక్కా. నాకు మల్ల గీ అవకాశం రాదు" అంది సుగుణ.

"నేను జూస్తే నీది మంచిగనే కనవడ్తది చెల్లె. గందుకే నేను జూడొద్దు" అంది మేడం.

సుగుణ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. మేడం కదల్లేదు. వ్యాసం ఆ సంచికలో రాలేదు, ఉద్యోగం ఇంకెవరికో వచ్చింది.

ఆ తర్వాత సుగుణ మళ్లీ రాలేదు. ఒకసారి పోయి పలకరించమని నేను పోరుపెట్టేదాన్ని. "తిరగరాసి మల్ల పంపుతదేమో రజితా. గిప్పుడు పోతే మాటిచ్చినట్టయితది" అనేది మేడం. ఏళ్లు గడిచినా వ్యాసం రాలేదు. మేడం ఒక్కతే వండుకొని ఒక్కతే తినేది. ఆమెను చూస్తే నాకు జాలి వేసేది, దాన్ని మించి కోపం వచ్చేది.

సంపాదక బాధ్యత నాకు అప్పజెప్పిన రోజే, "ఇగ నేను ఎవరింటికన్న పోవచ్చు. ఆదిలాబాద్ పోదాం పా" అంది. బస్సులో చిన్నపిల్లలా కిటికీ పక్కన కూర్చుంది. సుగుణ తలుపు తీసి, "కూసోండ్రి మేడం" అంది. చాయ్ ఇచ్చింది, ఆరోగ్యం అడిగింది. అక్కా అని ఒక్కసారి కూడా పిలవలేదు.

"చెల్లె, ఇప్పుడు పత్రికతోని నాకు సంబంధం లేదు" అంది మేడం.

"వ్యాసం ఏయలేదని కాదు మేడం. అది మీ పద్ధతి, నాకెర్కనే. గా రోజు ఏడ్సుకుంట పోయిన. నా ఎంబడి బస్టాండు దాంక గూడ రాకపోతిరి."

మేడం చాయ్ గ్లాసు కింద పెట్టి లేచింది. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకు వదిలేసింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు నావాళ్ల వ్యాసం వస్తే నేనూ ఆ మాట చెప్పి వరండాలోకి పోతాను. ఆమె నేర్పింది తప్పని నాకు ఏనాడూ అనిపించలేదు. కాకపోతే తీర్పు తేలి, వాళ్లు మెట్లు దిగుతుంటే వెంట నడుస్తాను. కొందరు దారంతా పలకరు. ఆ మధ్య నా దోస్తు ఒకామె రావద్దని కసిరింది కూడా. కొంచెం వెనకగా నడిచి, ఆమె బస్సు కదిలేదాకా నిలబడ్డాను. ఆమె కిటికీలోంచి నా వైపు చూడలేదు.