మంచం కింది ఇటుకలు

ఉధ్నా ఖాడీ వాగు పక్కన, కింది గదిలో ఉండే బుచ్చవ్వకు మబ్బు పడితే చేతులు ఆగవు. గోడ మీద నిరుటి వరద మిగిల్చిన బురద చారను జానతో కొలుస్తుంది. ఏటేటా నీళ్లు ఎత్తు పెరుగుతున్నాయని, ఆ చారకు పైన ఉండేలా ఇటుకలు పేర్చి సామాన్లు ఎక్కిస్తుంది. చీరలకు లేసు కుట్టే మిషనుది చివరి వంతు. ఈసారి దానికి ఇటుకలు చాలలేదు. పక్షవాతంతో పడున్న మొగుడు లింగం మంచాన్ని భుజంతో ఎత్తి, ఒక్కో కోడు కింది ఇటుకలు లాగేసింది.

"నన్నేంది గిట్ల దించుతున్నవ్?" అన్నాడు లింగం.

"మిషను తడిస్తే ఖరాబైతది. నువ్వు తడిస్తే ఆరుతవ్."

సాయంత్రం నీళ్లు గడప దాటి నులకను తాకాయి. లింగం బాగున్న చేతిని గుండెల మీదికి తీసుకున్నాడు. బుచ్చవ్వ వంగి, మిషను కింద తడిమి చూసి, హమ్మయ్య అనుకుంది.