గారు పెట్టి తిట్టుకోండి

ఆ బడి స్టాఫ్‌రూములో లెక్కల టీచర్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆవిడ పెద్దక్క. కిటికీ పక్క కుర్చీ ఆవిడది, బల్ల మీది ఫ్లాస్కు ఆవిడది, తోటివాళ్ల మధ్య తగువొస్తే తీర్చే పెత్తనమూ ఆవిడదే.

తీర్చే పద్ధతి కూడా సొంతం. కొట్లాడుకున్న ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, చెరో కప్పు టీ పోసి, "ఎంతైనా తిట్టుకోండి. కానీ గారు పెట్టి తిట్టుకోండి" అనేది. ఒకసారి సైన్సు మాస్టారు పళ్లు నూరుతూ, "మీరు ఒట్టి పిసినారండీ గుమాస్తాగారూ" అన్నాడు. "మీకు బుర్ర మోకాల్లో ఉందండీ మాస్టారుగారూ" అన్నాడు గుమాస్తా. గదంతా ఘొల్లుమంది. వాళ్లకీ నవ్వక తప్పలేదు. ఆ పూట పెద్దక్క కాళ్లు నేలమీద ఆనలేదు.

అలాంటి రాజ్యంలోకి కొత్త డ్రాయింగ్ టీచర్ వచ్చింది. చిన్న వయసు, మెత్తటి మాట, వేళ్లకి ఎప్పుడూ రంగు మరకలు. పెద్దక్కే దగ్గరుండి ఆ అమ్మాయికి అల్మారాలో ఓ అర ఖాళీ చేయించింది.

ఒకరోజు ల్యాబు తాళంచెవి దగ్గర సైన్సు మాస్టారికీ గుమాస్తాకీ మళ్లీ చెడింది. పెద్దక్క కప్పులు తుడుచుకుని ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం చూస్తే ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని డ్రాయింగ్ గదిలోంచి వస్తున్నారు!

పెద్దక్క ఎదురెళ్లి నిలబడింది. "ఏం మాస్టారూ, నా టీ చేదెక్కిందా?" అని అడిగేసింది.

సైన్సు మాస్టారు నసిగాడు. "అదేం కాదక్కా. మీ దగ్గరైతే అందరూ నవ్వుతారు. ఆ అమ్మాయి తలుపు దగ్గరికేసి, మధ్యలో అడ్డురాకుండా వింటుంది. అంతే."

అంతేనట! ఇన్నేళ్లూ వాళ్లు మనసారా నవ్వారనే అనుకుంది పెద్దక్క. ఇంటికెళ్లి మొగుడితో చెప్పుకుంటే, ఆయన బట్టలు మడతపెడుతూ, "పోనీలే, నీకు పని తగ్గిందిగా" అన్నాడు. చేతిలో గరిటె ఆయన మీదికి వెళ్లకపోవడం ఆయన అదృష్టం.

అప్పట్నుంచీ ఆ పిల్ల ఏం చేసినా ఒళ్లు మంటే. నవ్వితే నటన, నవ్వకపోతే పొగరు. ఎవరైనా డ్రాయింగ్ గదివైపు వెళ్తే పాఠం చెబుతున్న ఆవిడ చెవులు అటే పోయేవి. బోర్డు మీద కూడిక తప్పితే పిల్లలు దిద్దారు.

చివరికి ఓ మధ్యాహ్నం విరామంలో, డ్రాయింగ్ టీచర్ తెలియక కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది.

"లే! నువ్వొచ్చి ఎన్నాళ్లయిందని నా కుర్చీ ఎక్కావ్? అందర్నీ లాక్కున్నావ్, ఇది కూడా కావాలా నీకు?" అని అరిచింది పెద్దక్క.

అందరిచేతా గారు పెట్టించిన మనిషి నోట ఆ 'నువ్వు' ఎంత మోటుగా వినిపించిందో! ఆ పిల్ల తల దించుకుని వెళ్లిపోయింది. సైన్సు మాస్టారూ గుమాస్తా పెద్దక్క మొహం చూడకుండా లేచారు. ఆ గదిలో తన చోటు తన నోటితోనే పోగొట్టుకున్నానని ఆవిడకి అర్థమైంది. పైగా తగువులు తీర్చే ఇద్దరికీ తగువొస్తే తీర్చేదెవరు?

బడి వదిలాక ఫ్లాస్కు పట్టుకుని డ్రాయింగ్ గదికి వెళ్లింది. తలుపు తనే దగ్గరికేసి, రెండు కప్పుల్లో టీ పోసింది. "తిట్టండి" అంది. "గారు పెట్టక్కర్లేదు."

డ్రాయింగ్ టీచర్ కప్పు అందుకుంది. నెమ్మదిగా, "మీరంటే నాకు కుళ్లండీ పెద్దక్కగారూ" అంది.

"నేనంటేనా?"

"గొడవలు చెప్పుకోడానికి నా దగ్గరికొస్తారు. అవి తీరాక టీ తాగడానికి మీ దగ్గరికే వెళ్తారు. నన్నింతవరకు ఒక్కరూ అక్కా అనలేదు, చెల్లీ అనలేదు."

పెద్దక్కకి ఏడుపొచ్చింది. దాంతోపాటు, దాచడమెందుకు, కాస్త సంతోషమూ కలిగింది. "నాకూ నువ్వంటే కుళ్లేనే చెల్లీ" అంది. మధ్యాహ్నం అన్న నువ్వే. ఈసారి ఆ పిల్ల తల దించుకోలేదు.

మర్నాడు స్టాఫ్‌రూములో అందరూ ఉండగా పెద్దక్క లేచి నిలబడి, "నిన్న నేనన్న మాట తప్పు. నన్ను క్షమించండి, డ్రాయింగ్ టీచర్‌గారూ" అంది. కిటికీ పక్కన ఇంకో కుర్చీ వేయించింది.

తన కుర్చీ మాత్రం ఇవ్వలేదు.