చెరువుగట్టు మీద మామ పట్ట

మా మామ పోయాడని పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున ధర్మవరం నుంచి ఫోన్ వచ్చింది. మామ అంటే మా ఆవిడ తండ్రి. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడు అట్లాగే పక్కకు ఒరిగిపోయాడట. ఆ సమయానికి నేను హిందూపురంలో మా ఇంటి ముందు నిలబడి, గోడ పక్కన ఎవరో పడేసిన చెత్త కవరును చూసి తిడుతున్నాను. ఆ వార్త చెవిన పడేసరికి నా నోట్లో ఉన్నది ఆ తిట్టే.

నాకు అసహ్యం ఎక్కువ. బస్సులో పక్కవాడు కిటికీలోంచి ఉమ్మితే ఆ పూట నాకు అన్నం దిగదు. "మా అల్లునికి ముక్కు పెద్దది" అని అత్త నవ్వేది. మామకైతే అసలు ముక్కే లేదని నేననుకునేవాణ్ణి. ప్రతి ఆదివారం గాలం తీసుకుని ఊరి బయటి చెరువుకు పోయేవాడు. ముందు గట్టు మీది సీసాలు, గాజు పెంకులు గోతంలోకి ఏరేవాడు. ఆ తర్వాతే గాలం వేసేవాడు. మగ్గం మీద పట్టు పోగులు అతికేటప్పుడు వేళ్ళకు బూడిద అద్దుకునే అలవాటు కదా, గాలానికి నైలాను దారం కట్టేటప్పుడు కూడా అద్దుకునేవాడు. దీనికి బూడిదెందుకు మామా అంటే, "అది లేకుంటే చెయ్యి మాట వినదప్పా" అనేవాడు.

ఈ ఏడు మా పాపకు ఒక కోరిక పుట్టింది. దానికి ఆరేళ్ళు. చెరువు ఒడ్డున డేరా వేసుకుని చేపలు పట్టడం ఫోన్లో చూసి, వెంటనే తాతకు ఫోన్ చేసింది. "రా తల్లీ, శనివారం వచ్చి ఆదివారం దాకా ఆడే ఉందాం. నీకు పొట్టి గాలం చేసిపెడ్తా" అన్నాడు మామ. నేను డేరా తెప్పించాను. దోమల మందు, టార్చిలైటు, చేతులు కడుక్కోను మూడు సీసాల సబ్బునీళ్ళు అని పెద్ద జాబితా రాశాను. పాప ఇంట్లోనే డేరా వేయించుకుని అందులో కూర్చుని అన్నం తినింది. చేపకు ఎర ఏం పెడతావని తాతను అడిగితే, "వానపాములు. మీ నాయనకు చెప్పాకు, కక్కుకుంటాడు" అన్నాడట.

ముందుగా ఒకసారి చోటు చూసి వద్దామని ఒక ఆదివారం బయల్దేరాను. పెనుకొండలో బస్సు ఆగితే టీ చెప్పాను. గ్లాసు అంచున ఈగ. తాగకుండానే పారబోశాను. చెరువు దగ్గరికి పోయాక ఆ ఈగే నయమనిపించింది. కోళ్ళ అంగళ్ళ వాళ్ళు పడేసిన పేగులు, ఈకలు, పిల్లల డైపర్లు, ఫంక్షన్లలో తిని పారేసిన ప్లేట్లు, వాటి మీద కొట్లాడుకునే కుక్కలు. మీరూ మీ ఊరి చెరువు దగ్గర చూసే ఉంటారు. ఆ కంపు మధ్యలో మామ తెల్లటి ప్లాస్టిక్ పట్ట ఒకటి రెండు మడతలుగా పరుచుకుని, గాలం వేసుకుని హాయిగా కూర్చుని ఉన్నాడు.

"ఎవరు మామా ఈ పని చేసేది? వాళ్ళ బిడ్డల పుట్టినరోజులకు చెరువే దొరికిందా? సిగ్గుండొద్దా?" అన్నాను.

మామ నీళ్ళ మీది బెండు నుంచి చూపు తిప్పలేదు. "తెలీక చేసింటార్లేప్పా."

"తెలీకేమి? బలిసి!"

"తెగిన పోగును తిడితే అతుక్కుంటాదా? ఆ గోతం రవంత ఇట్లా పట్టుకో."

నేను పట్టుకోలేదు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పాపను ఈ నరకానికి తీసుకురానని చెప్పి వెనక్కి తిరిగాను. "ఈ మూల బాగు చేసి పెడ్తాలేప్పా. బిడ్డకు మాటిచ్చినా" అని వెనక నుంచి అంటూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి పాపకు చెరువు ఎండిపోయిందని చెప్పాను. అది ఏడ్చుకుంటూ తాతను అడిగింది. మామ నన్ను అబద్ధాలకోరును చెయ్యలేదు. "వానొస్తుంది లేమ్మా" అన్నాడు. ఆ తర్వాత రెండుసార్లు నాకు ఫోన్ చేశాడు. "మూల బాగైందప్పా, ఒకసారి వచ్చి చూడు." చూద్దాం మామా అన్నాను రెండుసార్లూ. మూడోసారి ఆ ఇంటి నుంచి వచ్చిన ఫోన్ ఆ మంగళవారం నాటిదే.

పదకొండో రోజు కార్యం అయ్యాక అత్త గాలాల సంచి తెచ్చి పాపకిచ్చింది. అందులో పొట్టి గాలం ఉంది. ముడి దగ్గర ఇంకా బూడిద మరక. అడుగున ఆ తెల్ల పట్ట. పాప దాన్ని నడవలో పరిచి మడత విప్పింది. లోపల గులాబీ రంగు గౌను, తల మీద కిరీటం, కింద పెద్ద అక్షరాలతో ఐదో పుట్టినరోజు శుభాకాంక్షలు.

"నాయనా, ఇది నేనే!"

నిరుడు ధర్మవరంలోనే ఫంక్షన్ హాలు తీసుకుని చేశాం. ఆ రోజు వాకిట్లో కట్టిన ఫ్లెక్సీ అది.

"ఫంక్షన్ అయిన వారానికి చెరువు కాడ పేగుల్లో పడింటే తెచ్చినాడప్పా" అంది అత్త. "సబ్బేసి రెండు తూర్లు కడిగె. బిడ్డ మొగానికి మన్ను తగలకూడదని లోపలికి మడిచి పరుచుకుంటాండె. అల్లునికి చెప్పాకు, నొచ్చుకుంటాడు అనె."

ఆ రోజు హాలు వెనక ఎంగిలి ప్లేట్ల కుప్ప చూసి వంటవాళ్ళ మీద అరిచింది నేనే. "యాడన్నా పారేయండప్పా, నా కంటికి కనపడకూడదు" అన్నాను. నా కంటికి కనపడలేదు. ఏడాది పాటు మామ కంటికి కనపడింది. నా నోటితో నన్నే నేను అన్ని తిట్లు తిట్టుకుంటుంటే పక్కన కూర్చుని విని, తెలీక చేసింటారన్నాడు ఆ మహానుభావుడు. అప్పటిదాకా నాకు ఎన్నింటి మీదో అసహ్యం కలిగింది గాని, నా మీద కలగడం అదే మొదటిసారి.

మరుసటి శనివారం డేరా తీసుకుని పోయాం. మామ చెప్పినట్టే ఆ మూల ఇల్లలికినంత శుభ్రంగా ఉంది. పది బారలు దాటితే మళ్ళీ అదే కంపు. పాప నీళ్ళు చూసి నిలబడిపోయింది.

"చెరువు ఎండిపోయిందంటివే నాయనా? నీళ్ళుండాయే!"

దానికి గాలం వేసిచ్చి, పట్ట మడత విప్పి పరిచి కూర్చోబెట్టి, గోతం తీసుకుని ఆ ప్లేట్ల వైపు నడిచాను. ముక్కుకు రుమాలు కట్టుకున్నాను, అయినా కంపు తగులుతూనే ఉంది. వంగి మొదటి ప్లేటు ఎత్తి, ఒకసారి వెనక్కి చూశాను. పట్ట మీద కిరీటం పెట్టుకున్న ఐదేళ్ళ పాప, దాని పక్కన గాలం పట్టుకున్న ఆరేళ్ళ పాప, ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.