దాలిలో పాలు, స్లో కుక్కర్లో సాసేజ్‌లు

నా చిన్నప్పుడు మా పెరట్లో దాలి మీది పాలదాక మూత తీసినందుకు నేను తిన్న చీవాట్లు అన్నీ ఇన్నీ కావు. ఇప్పుడు దోహాలో, అల్ తుమామా అనే పేటలో మా అమ్మాయి ఇంట్లో, కరెంటుతో నడిచే దాలి ఒకటి వంటింటి గట్టెక్కి కూర్చుంది. దాన్ని స్లో కుక్కర్ అంటారు. మూత తియ్యొద్దని ఈ వయసులో నాకు మళ్ళీ మొదటి నుంచీ చెబుతున్నారు. అందుకే ఒళ్ళు మండుతోంది. ఒళ్ళు మండినప్పుడల్లా మా నాయనమ్మ గుర్తొస్తోంది.

దాలి అంటే ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. పెరట్లో ఒక వారగా చిన్న గుంట తవ్వి, అందులో పిడకలు పేర్చి నిప్పు వేసి, పైన పాలదాక పెట్టి మూత వేసేవారు. మంట లేవదు. పిడకలు లోలోపలే కాలుతుంటాయి, పాలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగుతూనే ఉంటాయి. దీపాలవేళకు పాలు ఎర్రబడి, పైన మీగడ అట్టులా కట్టేది. మా నాయనమ్మకు కళ్ళకు పొరలొచ్చి చూపు బాగా తగ్గింది. రోజంతా ఆ దాలి పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఆవిడకు ఆ చోటంటే ఇష్టమని నేననుకునేదాన్ని.

ఇక ఇక్కడి సంగతి. మా అమ్మాయి ఒక క్లినిక్‌లో ఫార్మసిస్టు, మా అల్లుడు ఊరికి దూరంగా రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు. అతను తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కుతాడు. ఇల్లూ, మనవరాలూ, వంటా నా చేతిలోనే ఉండేవి. ఒకనాడు పప్పు స్టవ్ మీద పెట్టి ఊళ్ళో ఉన్న మా చెల్లెలితో ఫోన్లో మాటల్లో పడ్డాను. పప్పు మాడింది. మా ఊళ్ళో అయితే గిన్నె తోముకుంటే సరిపోయేది. ఇక్కడ పైకప్పుకు ఒక బిళ్ళ బిగించి ఉంటుంది, పొగ తగిలితే చాలు, బిల్డింగు అంతా వినేలా అరుస్తుంది. నాతూర్, అంటే మా బిల్డింగు కాపలా చూసే నేపాలీ అబ్బాయి, పరుగెత్తుకొచ్చి కిటికీలన్నీ తెరిచి, “మాఫీ ముష్కిల్ అమ్మా, మాఫీ ముష్కిల్” అన్నాడు. మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదని. అతనికేం, ఏ ముష్కిలూ లేదు. ముష్కిలంతా సాయంత్రం మా అమ్మాయి ముఖంలో కనిపించింది.

“అమ్మా, ఇక నువ్వు స్టవ్ ముట్టుకోకు” అంది. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అని ఉంటే నేనూ గట్టిగా అనేదాన్ని. మరుసటి వారమే ఆ స్లో కుక్కర్ వచ్చింది. పొద్దున్నే అన్నీ అందులో పడేసి మీట తిప్పితే సాయంత్రానికి అదే ఉడుకుతుందట, దగ్గర ఎవరూ ఉండక్కర్లేదట. ఆ చివరి మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఎవరూ అక్కర్లేని వంట ఇంట్లోకి వచ్చిందంటే, అక్కర్లేని మనిషి ఎవరో నాకు తెలియదా?

పోనీ అందులో వండేది వంటలా ఉంటే సరిపెట్టుకునేదాన్ని. మా అల్లుడితో పనిచేసే జర్మనీ ఆయన ఒకాయన, బీరులో ఉల్లిపాయలు వేసి సాసేజ్‌లు నెమ్మదిగా ఉడికిస్తే ఆ రుచే వేరని ఇతనికి చెప్పాడు. అప్పటినుంచీ ఇతనికి అదే పట్టుకుంది. ఈ దేశంలో బీరు కొనాలంటే పర్మిట్టు కావాలి, అది మా ఇంట్లో లేదు. అందుకని మత్తు లేని బార్లీ డ్రింకు డబ్బాలు తెచ్చాడు. తొందరలో చూసుకోకుండా దానిమ్మ రుచివి తెచ్చాడు. “బీరే అత్తయ్యగారూ, కిక్కు మాత్రం మాఫీ” అని నవ్వాడు. ఆ సాయంత్రం చికెన్ సాసేజ్‌లు దానిమ్మ పానకంలో తేలుతూ వచ్చాయి. పాపం అతనే రెండు ముక్కలు మింగి, ఆవకాయ జాడీ అందుకున్నాడు.

రెండోసారి ఏ పండూ కలపని బార్లీ డ్రింకే తెచ్చాడు. అయినా బాగుపడలేదు. ఉల్లిపాయలు తెల్లగా, మెత్తగా, నీళ్ళోడుతూ వచ్చాయి. ఉల్లిపాయను ముందు నూనెలో ఎర్రగా వేయించకుండా పచ్చిదే తీసుకెళ్ళి నీళ్ళలో ముంచితే ఇంకేమవుతుంది? కుక్కర్ నిదానంగా ఉడికిస్తుంది గానీ ఎర్రగా వేయించలేదు కదా. ఆ మాటే చెప్పాను. రెసిపీలో అలాగే ఉందమ్మా అంది మా అమ్మాయి. పొద్దున్నే డ్యూటీకి పరుగెత్తే మనిషి, స్టవ్ దగ్గర నిలబడి వేయించే తీరిక ఆమెకు లేదు. తీరిక ఉన్నదాన్నేమో స్టవ్ ముట్టుకోనివ్వరు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా ఇంట్లో అమ్మ పెడతానన్నా అడిగేవాళ్ళు లేరు.

మూడోసారి వండింది ఒక శుక్రవారం. బడికి సెలవు, కానీ కూతురికీ అల్లుడికీ డ్యూటీ పడింది. మా అమ్మాయి పొద్దున్నే సాసేజ్‌లు, పచ్చి ఉల్లిపాయలు, బార్లీ డ్రింకు అన్నీ కుక్కర్లో పోసి మీట తిప్పింది. వెళుతూ వెళుతూ నాకొక పని అప్పగించింది. పిల్లను మూత తియ్యనివ్వకూడదు. తీసినప్పుడల్లా వేడి పోయి ఉడకడం ఆలస్యమవుతుంది. పెళ్ళి వంటలు కూడా దగ్గరుండి చేయించిన దాన్ని, ఒక గాజుమూతకు కాపలా పెట్టింది!

మా మనవరాలికి కాలు ఒకచోట నిలవదు. తల్లి గుమ్మం దాటిందో లేదో, వచ్చి మూత తీసింది. కసిరాను. బొమ్మలు వేస్తానని వెళ్ళి మళ్ళీ వచ్చి తీసింది. టీవీ పెట్టాను, అదీ నచ్చలేదు. మళ్ళీ మూత మీదే చెయ్యి. ఆ పిల్ల మీద అరిచి అరిచి నా గొంతు పోతోంది, లోపల చూస్తే ఉల్లిపాయలు అలాగే తెల్లగా తేలుతున్నాయి. ఎవరి మీద కోపమో తెలియకుండా ఊరికే కోపం వచ్చి కుర్చీలో కూలబడ్డాను. అప్పుడే మా పెరట్లోని ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది.

అప్పుడు నాకూ ఇదే వయసు, ఇదే పాడు అలవాటు. మీగడ కట్టిందో లేదో చూడాలని పాలదాక మూత తీస్తూనే ఉండేదాన్ని. తీసినప్పుడల్లా బూడిద ఎగిరి పాలల్లో పడేది, కడుతున్న మీగడ చెదిరిపోయేది. మా అమ్మ వీపు మీద ఒకటి వేసి లోపలికి పోయింది. మా నాయనమ్మ మాత్రం నన్ను దగ్గరికి పిలిచింది. ఇత్తడి గిన్నె ఒకటి తెమ్మంది. ఇటుకలు పేర్చమంది. దాలిలోంచి నిప్పు తీయించి, ఎండుపుల్లలు పెట్టి చిన్న మంట చేయించింది. గిన్నెలో వేరే పాలు పోయించి, నా చేతికి తెడ్డు ఇచ్చింది.

“ఆ దాకలోది ముట్టుకుంటే చెడే వంట. ఇది ముట్టుకోకపోతే చెడే వంట. నీ చేతికి ఇదే సరి” అంది.

కోవా కలపడం అలా మొదలైంది. నన్ను ఒళ్ళోకి లాక్కుని, తెడ్డు పట్టుకున్న నా చేతి మీద తన చెయ్యి వేసి తిప్పింది. కాసేపటికొకసారి రంగు ఎలా ఉందే అని అడిగేది. తెల్లగానే ఉందంటే ఇంకా తిప్పమనేది. గంధం రంగు వచ్చిందన్నప్పుడు పంచదార వెయ్యమంది. ఆవిడకు కనిపించనిది నేను చెప్పాను, నాకు తెలియనిది ఆవిడ చేసింది. ఈలోగా మా అమ్మ పెరట్లోకి వచ్చి మంట చూసి హడలిపోయింది. ఎవరు వెలిగించారని అడిగింది. నీ కూతురు కుదురుగా ఉండటం లేదు, దానికోసం పెట్టానంది మా నాయనమ్మ నిమ్మళంగా. మధ్యాహ్నమంతా నేను ఒక్కచోటే కూర్చున్న మాట నిజమే కాబట్టి మా అమ్మ తన పనికి తాను వెళ్ళిపోయింది. ఆ రోజు దాలిలో మీగడ ఇక చెదరలేదు, పైగా కోవా కూడా దొరికింది.

నిలకడ లేని చేతికి కలపక తప్పని గిన్నె ఇవ్వాలి. నేను నేర్చుకున్న పాఠం అదేననుకున్నాను. నా పిల్లల్ని అలాగే పెంచాను, మా అమ్మాయికి ఆ కథ విసుగు పుట్టేదాకా చెప్పాను. కానీ ఆ శుక్రవారం కుర్చీలో కూర్చున్నప్పుడు అసలు సంగతి తట్టింది. చూపు తగ్గాక ఒకసారి మా నాయనమ్మ చెంగు అంటుకోబోయిందట. అప్పటినుంచి మా అమ్మా పిన్నీ ఆవిడను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మీరు కూర్చోండి అత్తయ్యగారూ, మేం చేసుకుంటాం అనేవారు. ఎవరూ చూడక్కర్లేని దాలి ఒక్కటే ఆవిడకు వదిలారు. ఆవిడకు ఆ చోటంటే ఇష్టమేమీ కాదు. నాకు పని కల్పించడం కోసం ఆవిడ పొయ్యి వెలిగించలేదు. పొయ్యి వెలిగించుకోవడం కోసం నాకు పని కల్పించింది. ఇది తెలియడానికి నేను ఆవిడంత దాన్ని కావాల్సి వచ్చింది.

లేచాను. బుట్టలోంచి ఉల్లిపాయలు తీసి నిలువుగా సన్నగా తరిగాను. మనవరాలిని పిలిచి, ఇక ఆ మూత జోలికి పోవద్దు, నీకు వేరే గిన్నె ఇస్తానన్నాను.

“మమ్మీ అరుస్తుంది అమ్మమ్మా” అంది.

“అరవనీ. నేను మర్చిపోతే?”

“నేను ఆపేస్తా.”

ఆ ఒప్పందం మీద స్టవ్ వెలిగించాను. ఎంత కాలమైందో ఆ నీలిమంట నా చేత్తో వెలిగించి! మూకుడులో నూనె పోసి, ఉల్లిపాయలు వేసి, ఉప్పు చల్లి, మంట బాగా తగ్గించాను. పిల్లను స్టూలు ఎక్కించి గరిటె ఇచ్చి, ఆ చేతి మీద నా చెయ్యి వేశాను. రంగు ఎలా ఉందే అని అడిగాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి, అయినా అడిగాను. వైట్ అంది. చాలాసేపటికి కరక్ చాయ్ రంగు, అంటే ఇక్కడి చిక్కటి పాల టీ రంగు, వచ్చిందంది. ఇక్కడి పిల్ల కదా, గంధం రంగు దానికేం తెలుసు? మూత సంగతి ఒక్కసారి కూడా తలవలేదు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. డ్యూటీ ముగించుకుని మా అమ్మాయి వచ్చింది. వాసన గుమ్మంలోనే తగిలినట్టుంది, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చింది.

“స్టవ్ ఎవరు వెలిగించారు?”

మా అమ్మ అడిగిన ప్రశ్నే. మా నాయనమ్మ జవాబు నా నాలిక చివరే ఉంది. నీ కూతురు కుదురుగా ఉండటం లేదని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ నాకు అంత నిమ్మళం ఎక్కడిది?

“నేనే. నాకోసమే వెలిగించుకున్నాను. పప్పు ఒక్కసారి మాడిందని నా చేతులు కట్టేస్తావా?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“పప్పు గురించా అమ్మా? ఆ రోజు నాతూర్ ఫోన్ చేసి పొగ అన్నాడు. నువ్వు ఎలా ఉన్నావో చెప్పలేదు. ఇంటికొచ్చేదాకా నేనెలా వచ్చానో నీకేం తెలుసు?” అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మాట అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా అని నేను, చెబితే వింటావా అని తను. కడుపులో దాచుకున్నవన్నీ ఇద్దరం అక్కడే దులిపేసుకున్నాం.

టక్కున చప్పుడైంది. చూస్తే మా మనవరాలు స్టవ్ ఆపేసి, గరిటె పట్టుకుని మా ఇద్దరి వంకా చూస్తోంది.

“ఇద్దరూ మర్చిపోయారు” అంది.

మా అమ్మాయి మూకుడు వైపు చూసింది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. తర్వాత నా వైపు చూడకుండా, “రంగు ఎలా ఉందే?” అని కూతుర్ని అడిగింది. ఖర్జూరం రంగు మమ్మీ అంది ఆ పిల్ల. మూత ఒకేఒక్కసారి తీసి, ఆ ఉల్లిపాయల్ని చిక్కటి చింతపండు రసంతో, చీల్చిన పచ్చిమిరపకాయలతో కలిపి కుక్కర్లోకి ఒంపాం. గిన్నె అంచు ఒకవైపు నేను పట్టుకున్నాను, ఒకవైపు మా అమ్మాయి పట్టుకుంది.

రాత్రి మా అల్లుడు మళ్ళీ మళ్ళీ వడ్డించుకుని తిన్నాడు. “ఈసారి బీరు బాగా పట్టింది అత్తయ్యగారూ” అన్నాడు. ఒళ్ళు మండింది గానీ ఊరుకున్నాను. మా అమ్మాయి నన్ను చూసి నవ్వు ఆపుకుంది.

ఇప్పుడు స్టవ్ నాకు దొరుకుతుంది, కాకపోతే మనవరాలు ఇంట్లో ఉన్నప్పుడే. ఆ షరతు మీద నాకు కోపం పోలేదు, పోతుందని కూడా అనుకోను. కానీ ఆ గరిటె పట్టిన చిన్న చేతి మీద నా చెయ్యి వేసినప్పుడల్లా మా నాయనమ్మ చెయ్యి గుర్తొస్తుంది. తెడ్డు తిప్పుతూ ఆవిడ నా చేతిని అవసరానికి మించి గట్టిగా పట్టుకునేది, వేళ్ళు నొప్పి పుట్టేవి. నాకు నేర్పడానికి అలా పట్టుకుందనుకున్నాను. వదిలితే మళ్ళీ ఎవరైనా ఆ తెడ్డు తీసేసుకుంటారని పట్టుకుందని ఇప్పుడు నాకు తెలుసు.