చేవెళ్ల దారిలో జానెడు చాప

మా ఆయన మళ్లీ సైకిల్ తొక్కొచ్చని గుండె డాక్టరు చెప్పిన రోజున ఇద్దరం సంతోషించాం. డాక్టరు ఆ వెంటనే నా వైపు తిరిగి, అలసట అనిపించగానే ఆగాలి, పక్కనున్నవాళ్లకు చెప్పాలి అన్నాడు. నా సంతోషం అక్కడికక్కడే సగమైంది. ఆగడం, చెప్పడం. మా ఆయన దేవదానానికి రాని పనులు ఏవైనా ఉన్నాయంటే అవి రెండే.

ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో ఇరవై తొమ్మిదేళ్లుగా లైన్‌మన్. లైను తెగితే సప్లై వచ్చేదాకా కూర్చోకూడదన్నది తనకు తాను పెట్టుకున్న రూలు. పోయిన వానాకాలం ఛాతీలో నొప్పి మొదలయ్యాక కూడా రెండు రోజులు నాకు చెప్పకుండా డ్యూటీకి వెళ్లాడు. మూడో రోజు స్టెంటు వేశారు. ఇంకోసారి ఇలా దాచిపెడితే మనిషి దక్కడని నాకు అర్థమైంది. చేవెళ్ల దాకా సైకిల్ మీద పోదామని ఆయన అడిగితే నేను ఒప్పుకున్నది అందుకే. దారి పొడుగునా ఎక్కడో ఒకచోట అలసిపోయానని తన నోటితో అంటాడేమో చూడాలి. అనకపోతే ఇంటికి రాగానే సైకిల్ అమ్మేస్తానని ముందే చెప్పాను. నవ్వాడు.

దారి చెప్పింది మా ఆఫీసు ఫయాజ్ భాయ్. సెలవు దొరికితే సైకిళ్ల గుంపుతో ఊళ్లు తిరిగే మనిషి. ఆ వైపు పల్లె దారుల్లో నడిచేవాళ్లకు, సైకిళ్లవాళ్లకు ఊళ్లవాళ్లే పాకలు, షెడ్లు పెట్టారంటూ ఒక కాగితం మీద గుర్తులతో సహా రాసిచ్చాడు. "ఏడెనిమిది కిలోమీటర్లకు ఒకటి తగుల్తది మేడం, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

జనవరిలో రెండో శనివారం. పొద్దున ఐదుంబావుకు బహదూర్‌పురాలో గేటు తాళం వేశాం. ఆయనది పాత నల్ల సైకిల్. నాది మా చెల్లెలి కూతురిని బతిమాలి తెచ్చుకున్న గేర్ల సైకిల్, ఆ గేర్లు ఎందుకున్నాయో తిరిగొచ్చేదాకా నాకు అంతుపట్టలేదు. నా బుట్టలో ఉస్మాన్‌గంజ్‌లో కొన్న పల్లీపట్టీలు, ఆయన మాత్రల డబ్బా, రెండు సీసాల నీళ్లు. జూపార్కు గోడ పక్కన మంచు పట్టి ముందున్న సైకిల్ కూడా సరిగ్గా కనబడలేదు. అత్తాపూర్ దాటి, రాజేంద్రనగర్ మీదుగా హిమాయత్‌సాగర్ చేరేసరికి ఆరున్నర. బండి దగ్గర రెండు చాయ్‌లు తాగి, మాత్ర వేయించాను. ఆయన చాయ్ నిలబడే తాగాడు.

మొదటి మజిలీ ఏడుంబావుకు వచ్చింది. ఒక ఊరి మొదట్లో సిమెంటు బస్ షెల్టరు. బస్సు రావడం మానేసిందట గానీ ఊళ్లోవాళ్లు దాన్ని వదిలేయలేదు. సున్నం కొట్టి, అరుగు మీద గోనెపట్టాలు పరిచి, మూలన మట్టి రంజన్ నిండా మంచినీళ్లు, పైన బోర్లించిన గ్లాసు. నేను హాయిగా కాళ్లు చాపుకున్నాను. ఆయన టైరు నొక్కుతూ, చైను చూస్తూ, చివరికి షెల్టరు కప్పుకు ఉన్న వైరింగు కూడా పరీక్షించాడు. కూర్చోలేదు.

రెండోది మొయినాబాద్ దాటి మెయిన్ రోడ్డు వదిలాక, చామంతి తోటల నడుమ రేకుల షెడ్డు. అక్కడ నాకు నిజంగా ముచ్చటేసింది. గాలి కొట్టుకునే పంపు, పంచర్ సామాను ఒక గొలుసుకు వేలాడదీశారు. హుండీ లేదు, ఎవరి పేరూ రాసిన బోర్డు లేదు. పక్కనే పూలు కోస్తున్న ఆమెను ఇది ఎవరు కట్టారని అడిగితే, పూల గంపలు దించుకోవడానికి తాము వేసుకున్నదేనని, సగం జాగా దారిన పోయేవాళ్లకు వదిలామని చెప్పింది. మేం బయల్దేరేటప్పుడు దోసెడు పూలు నా బుట్టలో పోసింది. షెడ్డులో కూర్చోవడానికి మంచి బల్ల ఉంటే మా ఆయన దాని పక్కన నిలబడి నీళ్లు తాగాడు. అలసటగా ఉందా అని అడిగాను. "ఏం లేదు, నడువు" అన్నాడు. ఆయన చెవుల వెనక చెమట కారుతోంది. చలికాలం పొద్దున ఎనిమిదిన్నరకు అంత చెమటేంటి? నాకు లోపల భయం మొదలైంది.

అక్కడినుంచి దారి చిన్న ఎత్తు. ఆయన ముందు, నేను వెనక. రెండుసార్లు ఆగుదామన్నాను, రెండుసార్లూ చెయ్యి ఊపి పోనిచ్చాడు. అరిచి పోట్లాడేదాన్నే, కానీ మాటకు మాట చెప్పడానికి ఆయనకున్న ఊపిరి కూడా ఖర్చవుతుందని ఊరుకున్నాను.

తొమ్మిదీ ముప్పావుకు ఈతవనం అంచున మూడో మజిలీ. నాలుగు గుంజల మీద పాక, చుట్టూ ఈతాకు చాపల తడకలు. లోపల ఎల్లవ్వ అనే ముసలామె ఆకులు చీలుస్తూ కూర్చుని ఉంది. పాక ఆమె కొడుకులు వేసిందట. మా ఆయన స్టాండు వేస్తూ ఒక్క క్షణం సీటు పట్టుకుని ఆగాడు. ముఖం పాలిపోయింది. కూర్చోమని నేను అనేలోపే ఆమె నాలుగు ఈతాకులు ఆయన చేతిలో పెట్టింది.

"ఈడ ఎవ్వరు ఊకె కూసోరు బిడ్డా. జానెడు అల్లి పోవాలె."

ఆ పాక పద్ధతి అదట. నీడకు వచ్చిన ప్రతి మనిషీ జానెడు పొడవు పట్టీ అల్లుతాడు. ఆ పట్టీలను ఎల్లవ్వ కలిపి కుట్టి, ఎండకు చివికిన తడకల చోట కడుతుంది. పాక చుట్టూ ఉన్నదంతా అలా వచ్చినవాళ్ల చేతిపనే. ఒకచోట వంకరగా, ఒకచోట బిగువుగా, ఒకచోట చేతకాక వదిలేసినట్టుగా. నేను అంత అందమైన గోడ ఎక్కడా చూడలేదు.

పని అనేసరికి మా ఆయన బుద్ధిగా కూర్చున్నాడు. వైర్లు పురిపెట్టిన చేతులు కదా, ఎల్లవ్వ ఒక్కసారి చూపిస్తే పట్టేశాడు. పావుగంటలో జానెడు అయిపోయింది. అక్కడ ఆగాలా? చిరిగిన తడక మొత్తం కనబడుతుంటే ఆయన చెయ్యి ఊరుకోదు. రెండో జానెడు మొదలుపెట్టి, సగం దాకా వచ్చాడు. ఎల్లవ్వ ఆ పట్టీ తీసుకుని జానతో కొలిచి, ఎక్కువ అల్లినదంతా నెమ్మదిగా విప్పేసింది.

ఆయన ముఖం చిన్నబోయింది. ఇంకా చిరుగు మిగిలే ఉంది కదా అవ్వా అన్నాడు.

"ఉండనీ. నువ్వొక్కనివే అల్లితే ఎనుక వచ్చేటోళ్లు ఏం జేయాలె? వాళ్లు గూడ కూసోవాలె కదా. నీ జానెడు అయింది, ఇగ కాళ్లు సాపుకో."

చేతుల్లో పని లేకుండా, లేవడానికి సాకు లేకుండా, ఆయన గుంజకు ఆనుకుని కాళ్లు చాపాడు. కాసేపటికి కళ్లు మూసుకున్నాడు. ఆ పాకలో యాభై నిమిషాలు ఉన్నాం. ముఖంలో రంగు తిరిగొచ్చింది, నాకు ఏడుపూ వచ్చింది. ఎల్లవ్వ చూడనట్టు ఆకులు చీలుస్తూ కూర్చుంది. నా జానెడు నేను అల్లాను, మహా వంకరగా. దాన్ని ఆమె విప్పలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు చేవెళ్ల పక్క ఊళ్లో బస చేరాం. ఒక రైతు తోటలో సైకిళ్లవాళ్ల కోసం కట్టిన రెండు గదులు. రాత్రి భోజనంతో కలిపి ఇద్దరికీ ఎనిమిది వందలు. జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర, టమాట పచ్చడి. పడుకునేముందు ఆయన అలసట గురించి గానీ, పాక గురించి గానీ ఒక్క ముక్క మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

ఆదివారం ఆ ఊరి చిన్న చర్చిలో ఆరాధనకు వెళ్లి, పదిన్నరకు ఇంటి దారి పట్టాం. మీరు ఈ దారిన వెళ్తే సీసాలు రెండు చాలు, నీళ్లు ప్రతిచోటా ఉన్నాయి. తొందర మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి. కోట్లు పెట్టి కట్టిన విశ్రాంతి గదులు పట్నంలో చూశాను. వాటికి తాళాలుంటాయి, ఈ పాకలకు తలుపులే లేవు. అవి కట్టినవాళ్లెవరికీ మా పేర్లు తెలియవు, అయినా మా అలసట గురించి వాళ్లు ముందే ఆలోచించి పెట్టారు. ఆ మంచితనానికి నేను చేతులెత్తి మొక్కుతున్నాను.

అరగంట తొక్కామో లేదో, ఫయాజ్ భాయ్ కాగితంలో లేని ఒక చోట, రేకు సగం ఊడిన బస్టాపు ముందు మా ఆయన బ్రేకు వేశాడు. చైను పడిందేమో అనుకున్నాను. ఆయన సైకిల్ గోడకు ఆనించి, వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

"అలసిపోయిన సునీతా. జర కూసుందాం" అన్నాడు.

ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. పల్లీపట్టీ విరిచి సగం ఇచ్చి, పక్కన కూర్చున్నాను. ఇంతలో ఆ దారిన వచ్చిన బస్సు మమ్మల్ని చూసి ఆగింది. కండక్టరు తల బయటపెట్టి ఎక్కుతారా అని అడిగాడు.

"లేదన్నా, పోనియ్యి" అన్నాడు మా ఆయన, లేవకుండానే. "అలసిపోయి కూసున్నం."