జార్‌బులాక్ ఇళ్ళకు పాడిన శోకం

సారీబెల్ లోయలో ఎవరింట చావు జరిగినా ముందుగా కబురు వెళ్ళేది సెయిల్‌కన్‌కే. ఒకప్పుడు ఆమె కోసం గుర్రం వచ్చేది, ఇప్పుడు కారు వస్తోంది. ఆమె తిన్నగా చావు గుడారంలోకి వెళ్ళదు. పోయినవాడి భార్యనో కూతురినో పక్కకు పిలిచి అడుగుతుంది. "టీలో ఉప్పెంత వేసుకునేవాడు? ఎవరితో మాటలు మానేశాడు? దేనికి నవ్వేవాడు?" అవన్నీ విన్నాకే లోపలికి వెళ్ళి, పరామర్శకు వచ్చేవాళ్ళకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుని కోషోక్ ఎత్తుకుంటుంది. సగం పాట, సగం ఏడుపు. బయట గుర్రాలు దిగే మగవాళ్ళు ఆ గొంతు విని తామూ గొల్లుమంటారు.

లేనిది ఆమె పాడదు. ఒక పిసినారి పోయినప్పుడు, "మా నాన్నది పెట్టే చెయ్యి అని పాడండి ఆపా" అని, అక్కను పిలిచినట్టు పిలిచి, కొడుకులు బతిమాలారు. పాడలేదు. తాను తిన్నా తినకపోయినా ఆయన తన గుర్రాలను ఏనాడూ మాడ్చలేదని పాడింది. కొడుకులు మొహాలు ముడుచుకున్నారు. బయట నిలబడ్డ ముసలివాళ్ళు మాత్రం తలలూపారు.

ఈ పని ఆమెకు భర్త చావుతోనే పట్టుబడింది. అప్పటికామె నిండా చిన్నది. ట్రాక్టరు తిరగబడి సాబిర్‌బెక్ పోయాడు. గోడవైపు కూర్చోబెడితే నోరు పెగల్లేదు. అత్తగారు తొడ మీద గట్టిగా గిల్లి, "పాడవే! వాడు ఇంట్లో ఎలా ఉండేవాడో నాకంటే నీకే తెలుసు. నీకు తెలిసింది చెప్పు చాలు" అంది. రోజూ పొద్దున్నే అతను టోపీ వెతుక్కునేవాడని, అది అతని మోకాలి మీదే ఉండేదని సెయిల్‌కన్ పాడింది. ఆ మాటకు గుడారంలో ఆడవాళ్ళంతా ఒక్కసారి భోరుమన్నారు. ఆ తర్వాత పాల కేంద్రంలో ఆవులు పితుకుతూ ఇద్దరు కూతుళ్ళను పెంచింది. పిలిచిన చోటికల్లా వెళ్ళి పాడింది.

చాలా ఏళ్ళకు, ఒక ఏడాది మంచు కరిగే రోజుల్లో కొండ మీంచి బురద వరద వచ్చి లోయకు ఎగువనున్న జార్‌బులాక్ అనే ఊరిని ఊడ్చుకుపోయింది. జనం ముందే గట్టెక్కారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. ఇళ్ళు పోయాయి. మొదటి వారం లోయంతా కదిలి పిండి, దుప్పట్లు, కుండలు మోసుకెళ్ళింది. తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. డేరాల్లో ఉంటూనే జార్‌బులాక్ ఆడవాళ్ళు, ముసలివాళ్ళు వేసవంతా మట్టి ఇటుకలు పోసి గోడలు లేపారు. వయసు మగవాళ్ళలో సగం మంది రష్యాలో కూలి పనుల్లో ఉన్నారు. సర్కారు దూలాలూ రేకులూ పంపింది గానీ వాటిని పైకెక్కించే చేతులు పంపలేదు. ఇంకో నెల గడిస్తే మంచు పడుతుంది. కప్పు లేని మట్టి గోడలు ఒక్క మంచుకే కూలిపోతాయి.

లోయలో రేడియో కేంద్రమంటే పాత క్లబ్బులో ఒక గది. తప్పిపోయిన ఆవుల గురించి, పెళ్ళి పిలుపుల గురించి చెప్పేది, పాటలు వేసేది, నేల తుడిచేది అన్నీ జిపార్ అనే అమ్మాయే. సాయానికి రమ్మని రేడియోలో చెప్పీ చెప్పీ విసిగిపోయి ఒకనాడు ఆమె సెయిల్‌కన్ ఇంటికి వచ్చింది.

"గడ్డి కోతలయ్యాక వస్తామంటున్నారు ఆపా. కోతలయ్యేసరికి మంచు పడుతుంది. మీరొక్కసారి పాడండి. మీ గొంతైతే వింటారు."

"ఏం పాడమంటావు?"

"మీరు పాడేదే."

"నీకు మతి పోయిందా పిల్లా? బతికున్నవాళ్ళ మీద శోకం పెడితే నా నోరు పడిపోదూ?"

"మనుషుల మీద కాదు. ఇళ్ళ మీద."

 మర్నాడు సెయిల్‌కన్ జార్‌బులాక్ వెళ్ళే పాల బండి ఎక్కింది. చావింట్లో అడిగినట్టే అక్కడ ఒక్కో డేరాలో కూర్చుని, పోయిన ఇంటి సంగతులు అడిగింది. కుందుజ్ అనే ఆమె మొదట బిడియపడింది. తర్వాత ఆపితే ఆగలేదు.

"మా ఇంటి గోడ ఒకటి వంకరే ఆపా. మా ఆయనా మా బావగారూ పోట్లాడుకుంటూ కట్టారు. చెరో వైపు నుంచి మొదలెట్టి మధ్యలో కలవలేకపోయారు. పడమటి గాలి వీస్తే పొయ్యి ఒకటే పొగ. దాన్ని నేను తిట్టని తిట్టు లేదు." నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు తిట్టడానికి పొయ్యేదీ?"

రేడియో గదిలో సెయిల్‌కన్ కుర్చీని గోడవైపు తిప్పుకుంది. మైకు ఇటుందని జిపార్ చెప్పినా వినలేదు. చివరికి ఆ పిల్లే తీగ లాగి, ఆమెకూ గోడకూ మధ్య మైకు పెట్టింది. సెయిల్‌కన్ జార్‌బులాక్ పేరు ఎత్తింది. పొగ చిమ్మే పొయ్యిని, కలవని గోడను, గడియ పడని తలుపును, ఒక్కో ఇంటినీ పిలిచి ఏడ్చింది. పాట ముగిసేసరికి జిపార్ మొహం తడిసిపోయి ఉంది. తర్వాత చెప్పవలసిన మాట, కప్పులు వేయడానికి రండి అన్న ఆ ఒక్క మాట, చెప్పడం మర్చిపోయింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ పనికొచ్చేవాళ్ళ కోసం టీ ఆకు, చక్కెర తీసుకుని జార్‌బులాక్ చేరారు. కాసేపటికి దిగువ దారిలో దుమ్ము లేచింది. ముందు గుర్రాలు, వెనక లారీలు. కొడవళ్ళు పొలంలోనే వదిలేసి వచ్చిన మగవాళ్ళు, దిగీ దిగకముందే కర్రల మీద వాలి, "అయ్యో నా తోడబుట్టినవాడా!" అని గొల్లుమన్నారు. సమాధి తవ్వడానికి పారలు తెచ్చారు. ఒక లారీలో చావు భోజనానికి కాళ్ళు కట్టిన గొర్రె ఉంది.

కుందుజ్ పిండి చేతులతోనే డేరాలోంచి పరిగెత్తుకొచ్చింది. ఆ ఏడుపులు విని తనూ రాగం తీసింది.

"ఎవరమ్మా పోయింది?" అన్నాడు ముందున్న బేషెనాలి. లోయలో పెద్ద తలకాయ, అందరూ అక్సకాల్ అని పిలిచే తెల్లగడ్డం ముసలాయన.

"నన్నడుగుతారేం, మీరే చెప్పండి! రష్యా నుంచి ఏమన్నా కబురొచ్చిందా? మా ఆయనకేమైంది?"

"మాకేం తెలుసు? రేడియోలో శోకం విని వచ్చాం!"

ఏడుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సెయిల్‌కన్ ముందుకొచ్చింది.

"ఎవరూ పోలేదు అక్సకాల్. ఇళ్ళు పోయాయి. నేను పాడింది ఇళ్ళ మీద."

బేషెనాలి మొహం కందగడ్డయింది. "ఇళ్ళ మీద శోకమా? నీ వయసుకు తగిన పనేనా ఇది? కోసిన గడ్డి నేల మీద వదిలేసి వచ్చాం. వాన పడితే నా గొర్రెలు చలికాలమంతా నీ పాట మేస్తాయా?"

"నేనే పాడమన్నాను తాతా..." అనబోయింది జిపార్.

"నువ్వూరుకో అమ్మాయ్. నోరు నాది" అంది సెయిల్‌కన్. "పాటలో అబద్ధం లేదు అక్సకాల్. కానీ నా గొంతు వింటే మీరు ఇలా పరిగెత్తుకొస్తారని నాకు తట్టి ఉండాల్సింది. ఇన్నేళ్ళుగా చేస్తున్న పనే కదా. తట్టలేదు. తప్పు నాది. ఈ జనం మీద కోపం పెట్టుకోకండి. తిడితే నన్ను తిట్టండి, రేపు మీ ఇంట్లో ఏమన్నా జరిగితే నన్ను పిలవకండి."

అలా పిలవని రోజొస్తే ఆమెకిక ఈ లోయలో పనేమీ ఉండదు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు.  కొందరు గుర్రాల కళ్ళేలు అందుకున్నారు.

 బేషెనాలి పక్కనే ఉన్న మొండి గోడ దగ్గరికి వెళ్ళి అరచేత్తో నొక్కి చూశాడు. వంగి, ఒక కన్ను మూసి, వెంబడి చూశాడు.

"ఎవడు కట్టాడిది?"

"నేనే" అంది కుందుజ్.

"ఇది గోడా, పాము పాకిన దారా? దీని మీద దూలం పెడితే నిలుస్తుందా?"

"ఇంతకు ముందున్నదీ వంకరే తాతా."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ముసలాయన కోటు విప్పి గుర్రం మీద పడేశాడు. "ఏంట్రా చూస్తున్నారు? పారలు తెచ్చారు కదా! ముందు ఈ మూల తవ్వి నిలబెట్టండి. రేకులెక్కడ?"

గొర్రెను ఎలాగూ తెచ్చారు కాబట్టి కోశారు. తినేముందు ఖురాన్ చదివారు. ఎవరి పేర చదవాలో తేలక కాసేపు వాదించుకుని, చివరికి లోయలో పోయినవాళ్ళందరి పేరా చదివారు. చీకటి పడేదాకా పని చేసి, అక్కడే పడుకుని, తెల్లారి మళ్ళీ ఎక్కారు. అన్ని ఇళ్ళకూ కప్పు పడ్డాకే దిగారు. ఆ మధ్యలో దిగువన వాన కురిసింది. కొందరి గడ్డి నల్లబడింది. ఆ చలికాలం సెయిల్‌కన్‌ను తిట్టుకున్న ఇళ్ళు లేకపోలేదు. మరుసటి చావుకు ఆమెను పిలవలేదు, ఆ తర్వాతి దానికీ పిలవలేదు. మూడోది బేషెనాలి తమ్ముడిది. "దాన్ని పిలవండి. మిగతావాళ్ళు వాడు దేవుడని పాడతారు. నాకు వాడెలా ఉండేవాడో వినాలనుంది" అన్నాడట ముసలాయన.

వసంతంలో పట్నం నుంచి ఎవరో ఫోను చేశారు. ఇంకో లోయలో పశువుల రోగం వచ్చింది, అక్కడి వాళ్ళ కోసం అలాగే పాడమన్నారు. సెయిల్‌కన్ ఒప్పుకోలేదు.

"ఎందుకు ఆపా?" అంది జిపార్. "మంచి పనే కదా."

"రెండోసారి పాడితే, పాటేలే అనుకుంటారు. మూడోసారి నిజంగా ఎవరైనా పోయినప్పుడు కూడా పాటేలే అనుకుంటారు. అప్పుడా చావింటికి ఎవరొస్తారే?"

కానీ ఫోను పెట్టేశాక ఊరికే కూర్చోలేదు. ఆ లోయకు ఎవరెవరు ఏమివ్వగలరో మాటల్లోనే అడుగుతానంది. అప్పటి నుంచి వారానికోసారి రేడియోలో ఆమె మాట్లాడుతుంది. ఇప్పుడు కుర్చీ మైకువైపే ఉంటుంది. ముందుగా, "ఎవరూ పోలేదు, చేతిలో పని ఆపకండి" అని చెబుతుంది. తర్వాత ఎవరికి ఏం కావాలో, ఎందుకు కావాలో చెబుతుంది. పాడదు. ఫలానా వాళ్ళ దొడ్లో దూడలకు మందు లేదని, బడిలో పొయ్యి పగిలిందని, మోయడానికి ఇద్దరు మనుషులు చాలునని. లోయలో జనం కొడవలి ఆపకుండానే వింటారు. పని అయ్యాక, ఇద్దరు కావాలంటే నలుగురు వస్తారు.