ముందు మీవోణ్ణి తోలు

నా చిన్నప్పుడు మా అన్నకు పలకల పనంటే చచ్చేంత విసుగు. మార్కాపురంలో మా పేటలో సగం ఇళ్ళు గనుల్లో రాయి తీసి, పొరలుగా చీల్చి, పలకలు కోసి బతికేవి. సాయంత్రం వాడు ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా దుమ్మే. కర్నూలు రాజధాని అయిన కొత్తలో సంగతి ఇది. మన జిల్లా ఊరే రాజధాని అయిందని పెద్దవాళ్ళు మురిసిపోతుంటే, వాడు మాత్రం ఈ ఊరు దాటి ఎక్కడికైనా పోవాలని చూస్తుండేవాడు.

సరిగ్గా అప్పుడే దిగాడు, కూలీలను కుదుర్చుకుపోయే ఒక మేస్త్రీ. తెల్లచొక్కా, జేబులో పెన్ను, నోరు తెరిస్తే తీపి మాటలు. మన్యం కొండల్లో రోడ్డు వేస్తున్నారనీ, నీడపట్టు పనేననీ, మూడు పూటలా వరన్నమేననీ చెప్పుకొచ్చాడు. వరన్నమంటే మేం క్రిస్మస్ నాడు వండుకునేది. మిగతా రోజులన్నీ సంకటే. అన్న ఆ ఒక్క మాటకే పడిపోయాడు. నాకూ నోరూరింది, అబద్ధమెందుకు! మేస్త్రీ చేతి ఆకూవక్కా అందుకున్నామంటే మాట ఇచ్చేసినట్టే. మర్నాడు అతను మా ఇంటికే వచ్చి ఇస్తాడట. అది విని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాయన "వాడి ఇష్టం" అని బయటికి వెళ్ళిపోయాడు.

మా తాతయ్య ఒకప్పుడు మలయా రబ్బరు తోటల్లో పనిచేసి, యుద్ధమయ్యాక తిరిగొచ్చిన మనిషి. ఆ మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. అలాంటివాడు ఆ సాయంత్రం అన్ననూ నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని, తనంతట తానే మొదలుపెట్టాడు.

తాతయ్యా, ఆయన తమ్ముడూ కలిసే తోటలకు వెళ్ళారట. యుద్ధంలో జపాన్ వాళ్ళు వచ్చి, తోటల్లో మగవాళ్ళందర్నీ లాక్కుపోయి, సయాం దేశపు అడవుల్లో రైలుకట్ట పోయించారట. తెరిపిలేని వాన, వాంతులు, విరేచనాలు. తమ్ముణ్ణి ఆ కట్ట పక్కనే పూడ్చిపెట్టి, మర్నాడు మళ్ళీ మట్టితట్ట నెత్తికెత్తుకున్నానని చెబుతూ ఆగిపోయాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడడం నాకదే మొదలు. నాకు భయం వేసి అన్న చెయ్యి పట్టుకున్నాను.

అక్కడ వీళ్ళమీద కాపలా ఒక కొరియా కుర్రవాడట. వాళ్ళ దేశాన్నీ జపాన్ వాళ్ళే ఏలేవారట. వాణ్ణి పై అధికారి అందరి ముందూ కొట్టేవాడు, వాడు వచ్చి వీళ్ళను కొట్టేవాడు. తాతయ్య కూడా చెంపదెబ్బలు తిన్నాడు. ఒకసారి వాడు చలిజ్వరంతో పడిపోతే తాతయ్యే నీళ్ళు కాచి తాగించాడట.

"నిన్ను కొట్టినోడికి నీళ్ళేంది తాతా?" అన్నాడు అన్న, కోపంగా.

"మా తమ్ముని మాదిరి వాడూ ఒక తల్లి బిడ్డే గదరా" అన్నాడు తాతయ్య.

ఆ జ్వరంలోనే వాడు వచ్చీరాని మలయా మాటల్లో తన గోడు చెప్పుకున్నాడట. వాళ్ళ ఊరిపెద్ద ఇల్లిల్లూ తిరిగి, మంచి జీతమనీ రెండేళ్ళలో వచ్చేయొచ్చనీ నమ్మించి కుర్రవాళ్ళను పంపించాడట. కొందరు జపాన్ బొగ్గుగనుల్లో పడ్డారు, వాడు ఈ అడవిలో పడ్డాడు. ఊరిపెద్ద కొడుకు మాత్రం ఇల్లు కదల్లేదు. "నీ కొడుకును పంపుతున్నావా అని అడగాలని ఆ రోజు నాకు తోచలేదు" అని వాడు వెక్కివెక్కి ఏడ్చాడట.

మర్నాడు మేస్త్రీ రానే వచ్చాడు. తాతయ్య ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, పిల్లాజెల్లా కబుర్లు అడిగాడు. తనకూ మా అన్న ఈడు కొడుకున్నాడని మేస్త్రీ గొప్పగా చెప్పాడు.

"ఇంకేంది మరి! మీవోణ్ణి గూడా తోలు మేస్త్రీ. ఇద్దరూ ఒకే పాకలో ఉంటారు, ఒకే కుండలో తింటారు. మావోనికి తోడు" అన్నాడు తాతయ్య, నవ్వుతూ.

"అయ్యో, మావోడా! ఆ జొరాలకు, ఆ చాకిరికి వాడేడ తట్టుకుంటాడు పెద్దాయనా!" అనేశాడు మేస్త్రీ. అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆకూవక్కా కోసం ముందుకొచ్చిన అన్న మెల్లగా వెనక్కి జరిగి అమ్మ పక్కన నిలబడ్డాడు.

"మావోడు గూడా తట్టుకోలేడులే నాయనా. మజ్జిగ తాగి పోయిరా" అన్నాడు తాతయ్య. గొంతు పెంచలేదు.

అన్న జీవితాంతం పలకల పనే చేశాడు, జీవితాంతం తిట్టుకుంటూనే చేశాడు. పోనీలెండి, మా కళ్ళ ముందే తిట్టుకున్నాడు. నేను మాత్రం ఆ ప్రశ్నను వదల్లేదు. మా మనవరాల్ని ఏదో కంపెనీలో పెడతామని వచ్చినవాళ్ళనూ అడిగాను, మీటింగులకు లారీలెక్కమన్న నాయకులనూ అడిగాను. కొందరికి కోపమొచ్చింది. రానీ, నాకేం!

ఆ కొరియా కుర్రవాడు తన ఇంటికి చేరాడో లేదో తాతయ్యకు చివరిదాకా తెలియలేదు. వాడు వాళ్ళ ఊళ్ళో అడగలేకపోయిన మాట మాత్రం ఇన్ని సముద్రాలు దాటి మా ఇంటికి చేరింది. మా అన్నను మాకు మిగిల్చింది.